నిలువుకాళ్ల టైగర్

ఫిల్మ్ నగర్‌లో సెబాస్టియన్ షెడ్డు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పేవారు కాదు. చచ్చిన జంతువుల షెడ్డు అంటే మాత్రం పాన్ డబ్బావాడు కూడా చెయ్యెత్తి చూపించేవాడు. జంతువు తోలు ఒలిచి, ఉప్పూ పటికా పట్టించి, లోపల ఇనుప చువ్వలూ కొబ్బరి పీచూ పెట్టి, గాజుకళ్లు అమర్చి, బతికున్నట్టు నిలబెట్టడం అతని పని. దూడ చస్తే తోలులో గడ్డి కూరి గేదెను మభ్యపెట్టడం మనవాళ్లు ఎరగని విద్యేమీ కాదు. దాన్నే సెబాస్టియన్ కాస్త నాజూగ్గా చేసేవాడు.

తండ్రి శాంతరాజు మద్రాసులో జమీందార్లు కొట్టిన పులులకు ఈ పని చేసి దర్జాగా బతికాడు. కొడుకు చేతికి పని వచ్చేసరికి వేట నిషేధించారు. పులులు బతికిపోయాయి, సెబాస్టియన్‌కు రోజులు గడవడం కష్టమైంది. సినిమావాళ్లు మద్రాసు వదిలి హైదరాబాదు దారి పట్టినప్పుడు భార్య తెరెసాను తీసుకుని అతనూ వచ్చేశాడు. గాలం సరదా ఉన్న జూబ్లీహిల్స్ వకీలు పట్టిన వాలుగ చేప, ఏ అమ్మగారి ముద్దుల బొచ్చుకుక్కో, ఏ పాత వేటగాడి గోడ మీదో చెదలు తిన్న దుప్పి తల, షూటింగుల కోసం కొంగలూ నక్కలూ. అవే అతని పంట.

ఎనభైల చివర్లో ఒక ఉదయం భిక్షం వచ్చాడు. బోరబండ మనిషి, సినిమాలకు కుక్కల్ని తయారుచేసేవాడు. అతని భుజం మీద టైగర్ ఉంది. పేరుకే టైగర్, జాతికి వీధికుక్క. హీరోగారి పక్కన సగం సినిమా చేసి, జ్వరం వచ్చి ఆ తెల్లవారే పోయింది. వెనకాలే కారులో ప్రొడక్షన్ మేనేజర్ రామకృష్ణ దిగాడు. మిగిలిన సీన్లకు కుక్క నిలబడి కనిపించాలన్నాడు.

"పండవెట్టు సారూ," అన్నాడు భిక్షం. "ముందటి కాళ్ల మీద గదువ ఆనిచ్చి పండుకునేటోడు. గట్ల చేస్తే చాలు."

నిజానికి కథ అక్కడే ముగిసిపోవాలి. పడుకోబెట్టి తీసినా సినిమా ఆగేది కాదు, ఆ సంగతి సెబాస్టియన్‌కు తెలుసు, నోరు విప్పితే రామకృష్ణ వినేవాడే. కానీ పడుకున్న కుక్కలో పనితనం ఏం కనబడుతుంది? పులుల్ని నిలబెట్టిన వంశం కదా!

"పడుకోబెడితే చచ్చినట్టే ఉంటుంది భిక్షం. నిలబెడితే బతికొచ్చినట్టుంటుంది, చూడు," అన్నాడు.

భిక్షం నమ్మాడు. షూటింగ్ అయ్యాక టైగర్‌ను ఇంటికి ఇచ్చేస్తామని రామకృష్ణ మాటిచ్చాడు. కాళ్లలో లావుపాటి చువ్వలు దింపి, ఎక్కడ పడేసినా వంగకుండా బిగించి, సెబాస్టియన్ తన జీవితంలోకెల్లా గొప్ప పని చేశాడు. కుక్కను చూసి యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది.

ఆ గట్టితనమే కొంప ముంచింది. సినిమా అయిపోయింది గానీ టైగర్ ఇంటికి పోలేదు. ఇంత చక్కటి సరుకును ఎవడు వదులుకుంటాడు? సామాన్ల గోడౌన్‌కు చేరి, అక్కణ్ణుంచి ఊరందరి సినిమాలకూ అద్దెకు తిరిగింది. ఒక సినిమాలో జీపు మీంచి విసిరారు, ఇంకోదాంట్లో విలన్ కొరడాతో బాదాడు. భిక్షం గోడౌన్ గేటు దగ్గర నిలబడి అడిగీ అడిగీ, చివరికి సినిమాలు చూడటమే మానేశాడు. సెబాస్టియన్‌కు అవన్నీ చెవిన పడుతూనే ఉన్నాయి. దారిలో భిక్షం ఎదురైతే సందు మార్చి పోయేవాడు.

కొన్నేళ్లకు చెవి ఊడి, తోక తెగి, ఎవరికీ పనికిరాకుండా పోయాక గోడౌన్ కాపలాదారు ఓదెలు జాలిపడి దాన్ని భిక్షం చేతిలో పెట్టాడు. భిక్షం ఇంటికి కూడా పోకుండా నేరుగా షెడ్డుకే వచ్చాడు.

"గిప్పుడన్న పండవెట్టు సారూ. గిన్నేండ్ల సంది నిలవడే ఉన్నడు. కాళ్లు గుంజుతయ్ గదా."

ఎండి కట్టెబారిన తోలు వంగదని సెబాస్టియన్‌కు తెలుసు. అయినా కాదనడానికి నోరు రాలేదు. తడిగుడ్డలు చుట్టి రోజుల తరబడి నానబెట్టాడు. వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా ఊడి చేతికొచ్చాయి, మోకాలి దగ్గర తోలు పగిలి లోపలి పీచు బయటపడింది. తెరెసా వచ్చి చూసి, "ఏమండీ, ఇక చాలు. మట్టికి ఇచ్చేయండి," అంది.

భిక్షానికి కబురు పెట్టి ఉన్నమాట చెప్పాడు. ఇద్దరూ షెడ్డు వెనక గొయ్యి తవ్వారు. ఫిల్మ్ నగర్ నేల సంగతి తెలిసిందే, మూరెడు తవ్వితే రాయి. పడుకున్న కుక్కకు ఆ లోతు సరిపోయేదే. నిలబడ్డ కుక్కకు చాలదు, పక్కకు ఒరిగిద్దామంటే చాచిన కాళ్లు పట్టే వెడల్పూ లేదు, రెండు వైపులా బండే. గడ్డపార నిప్పులు రాలుస్తోంది తప్ప దిగడం లేదు.

సెబాస్టియన్ లోపలికెళ్లి ఇనుము కోసే రంపం తెచ్చాడు. కాళ్లు కోయాలి, వేరే దారి లేదు. భిక్షం కూర్చుని టైగర్ తల ఒళ్లోకి తీసుకున్నాడు. రంపం చువ్వకు తగిలి కీచుమన్నప్పుడల్లా, పశువుల డాక్టరు దగ్గర సూది వేయించేటప్పటిలా దాని వీపు నిమురుతూ, "అయిపాయె బిడ్డా, జర ఓర్సుకో. అయిపాయె," అంటున్నాడు.

రెండో కాలు దగ్గర సెబాస్టియన్ చెయ్యి ఆగిపోయింది. తోలు ఒలిచిన రోజు చెమ్మగిల్లని కళ్లకు ఇప్పుడు రంపం కూడా ఆనడం లేదు.

"తప్పు నాదే భిక్షం. నువ్వు ఆ రోజే చెప్పావు. నన్ను క్షమించు," అన్నాడు.

భిక్షం తలెత్తాడు. అతని మాటలో కోపం లేదు, ఉంటే బాగుండేది.

"నన్నెందుకు అడుగుతవ్ సారూ? నిలవడ్డది నేనా? వాన్ని అడుగు."

సెబాస్టియన్ రంపం పక్కన పెట్టాడు. షెడ్డుకు ఆనుకున్న వంటింటి గుమ్మంలో తెరెసా చూస్తూనే ఉంది. మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, ఆ ఊడిన చెవి దగ్గర నోరు పెట్టి, పైకే అడిగాడు.