మేత సంచులకు నేను చేసిన చిల్లులు

నా చిన్నప్పుడు నేను చేసిన వెధవ పనులు చాలానే ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఇప్పుడు నవ్వొస్తుంది. ఈ ఒక్కదానికి మాత్రం రాదు.

గుడివాడ దగ్గర మా తాతయ్య, మరో ఇద్దరు రైతులు కలిసి ఒక చేపల చెరువు చేసేవారు. బొచ్చెలు, శీలావతులు పెంచేవారు. మేతగా తవుడులో ఎండు చేపల పొడి కలిపి పెట్టేవారు. ఆ పొడి బందరు నుంచి వచ్చేది. తాతయ్యకు అది నచ్చేది కాదు. "సముద్రంలో పిల్ల చేపల్ని ఊడ్చుకొచ్చి ఇక్కడి చేపలకు పెడుతున్నాం. అక్కడ అయిపోయిన రోజున వీటికేం పెడతామే?" అని నన్నడిగేవాడు, నాకేదో తెలిసినట్టు. చివరికి ఇంటి వెనక గుంటలో అజొల్లా పెంచాడు. నీళ్ల మీద పచ్చగా నాచులా పరుచుకునే మొక్క అది. అందులో మాంసకృత్తులు దండిగా ఉంటాయని ఎవరో చెప్పారట. దాన్ని ఎండబెట్టి, చేపల పొడి బదులు కలుపుతానన్నాడు. భాగస్తులిద్దరూ ససేమిరా అన్నారు. బతిమాలగా బతిమాలగా పది రోజులు గడువిచ్చారు.

మా వైపు మేతను చెరువులో చల్లరు. అడుగున చిన్న చిల్లులు పెట్టిన సంచుల్లో ముద్దగా నింపి, వెదురు గడలకు కట్టి నీళ్లలోకి వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. మధ్యాహ్నం పైకి లాగితే సంచి ఖాళీగా రావాలి. బరువుగా వచ్చిందంటే చేపలకు మేత నచ్చలేదని అర్థం.

మొదటి రోజు సంచులు బరువుగా వచ్చాయి. రెండో రోజూ, మూడో రోజూ అంతే. భాగస్తులు గట్టు మీద నిలబడి చూసి వెళ్లిపోయేవారు. తాతయ్య సరిగ్గా అన్నం తినడం మానేశాడు. నాకు తాతయ్యంటే ప్రాణం. నాలుగో రోజు పొద్దున అమ్మ కత్తెర పట్టుకెళ్లి, పాకలో ఆరేసిన సంచులన్నిటి చిల్లులూ రెండు వేళ్లు దూరేంత పెద్దవి చేశాను. తాతయ్యకు చూపు సరిగ్గా ఆనదు కాబట్టి కనిపెట్టలేడని నా ధైర్యం.

ఆ మధ్యాహ్నం సంచులు ఖాళీగా వచ్చాయి. తాతయ్య నన్ను భుజాన ఎక్కించుకుని గట్టంతా తిరిగాడు. భాగస్తులు కూడా నవ్వారు. నేను మురిసిపోయాను. సంచిలోంచి జారిన మేత ఎక్కడికి పోతుందన్నది నా బుర్రకు తట్టనే లేదు.

ఎనిమిదో రోజు ముసురు పట్టింది. మర్నాడు తెల్లవారేసరికి గట్టు మీద ఒకటే కేకలు. చెరువంతా చేపలు నోళ్లు పైకి పెట్టి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. "బాబాయ్, నీ నాచు మన కొంప ముంచింది!" అని ఒక భాగస్తుడు అరుస్తున్నాడు. రెండో ఆయన కాలువ నీళ్లు తోడే ఇంజను తిప్పుతున్నాడు. అది దగ్గి దగ్గి ఆగిపోతోంది. ఒక్కొక్క చేపే వెల్లకిలా తేలుతోంది. తాతయ్య పడవలో వెళ్లి సంచి పైకి లాగి, దాని అడుగు తడిమాడు. రెండు వేళ్లు లోపలికి దూరాయి. ఆయన నేను నిలబడ్డ వైపు తల తిప్పాడు.

ఎంతసేపటికో ఇంజను అందుకుంది. కొత్త నీళ్లు పడ్డాక చాలా చేపలు బతికాయి, కొన్ని పోయాయి. "తప్పు నాచుది కాదురా. చిల్లులు పెద్దవై మేతంతా చెరువు అడుక్కి పోయి కుళ్లి, నీళ్లలో గాలి లేకుండా చేసింది. చూసుకోనిది నేనే," అని తాతయ్య భాగస్తులకు చెప్పాడు. నా పేరు ఎత్తలేదు.

పాకలోకి తీసుకెళ్లి నాతో ఒక్క మాటే అన్నాడు. "నాకు కళ్లు ఆనకపోయినా చేతికి సంచి బరువు తెలిసేది. అదీ లేకుండా చేశావు."

నీళ్లు తేరుకున్నాక మళ్లీ మేత మొదలుపెట్టారు. ఈసారి చేపల పొడిలోనే ఒక్క పిడికెడు అజొల్లా కలిపారు. మిగిలిన మేత బేసినులో పట్టుకెళ్లి భాగస్తులకు చూపించే పని తాతయ్య నాకు పెట్టాడు. మొదటి రోజే వాళ్ల ముందు నాకు ఏడుపొచ్చేసింది. "ఆ చిల్లులు నేనే చేశానండీ," అనేశాను. ఆ రోజు అరిచినాయన నా చేతిలోంచి బేసిను తీసుకున్నాడు. నాకు దెబ్బలు తప్పవనుకున్నాను. "సర్లే. ఇవాళ నిజంగా ఎంత మిగిలిందో చెప్పమ్మా," అన్నాడు.

"పావు వంతు మిగిలిందండీ."

"అయితే రేపు కూడా ఒక్క పిడికెడే కలుపుదాం," అన్నాడాయన. అంతే. పిడికెడు పిడికెడు పెంచుకుంటూ పోతే, చేపలు పట్టే నాటికి చేపల పొడి సగానికి తగ్గింది.

ఇప్పుడు అవనిగడ్డ దగ్గర నాకూ ఒక చెరువుంది. ఈ ఏడు చేపల పొడి బదులు ఈగ పురుగుల పొడి కలిపిన మేత పెట్టి చూస్తున్నాం. పనివాళ్లకు నేనంటే హడల్, నా నోరు అలాంటిది. కానీ "అమ్మగారూ, మేత మిగిలిపోయిందండీ" అని చెప్పడానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ భయపడలేదు.