చేబదులు

ఐపీ పెట్టే ముందు నేను చేసిన ఒకే ఒక్క మంచి పని తప్పని తేల్చారు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

మనవాళ్ళు ఊళ్ళకు ఊళ్ళే కెనడాలోని హామిల్టన్‌లో చదువులకు దిగుతున్న రోజులవి. నేను కాలేజీలో చేరిన వారమే ఓ బ్యాంకువాళ్ళు హాల్లో టేబుల్ వేసుకుని, ఉచితంగా నీళ్ళ సీసా చేతిలో పెట్టి, క్రెడిట్ కార్డు అంటగట్టారు. ఎలా తీరుస్తావని అడిగిన పాపాన పోలేదు. తర్వాత నేను పనిచేసే కాఫీ షాపులో షిఫ్టులు తగ్గించారు. సరుకులు, బస్సు పాసు అన్నీ కార్డు మీదే. రెండో సెమిస్టర్ ఫీజు దగ్గర కార్డు కూడా చేతులెత్తేసింది. అప్పుడు బేస్‌మెంట్‌లో నాతో గది పంచుకుంటున్న వరంగల్ అక్క చేబదులిచ్చింది. వర్క్ పర్మిట్‌కు అప్లై చేయడానికి దాచుకున్న డబ్బది. కాగితం లేదు, వడ్డీ లేదు.

ఇక నావల్ల కాక, దివాలా వ్యవహారాలు చూసే ట్రస్టీ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. వెళ్ళేముందు, చేతికొచ్చిన జీతం, టాక్స్ రిఫండు కలిపి అక్క బాకీ తీర్చేశాను. ఎవరేమనుకున్నా సరే, అక్క డబ్బును ఈ పిల్ల ఎగ్గొట్టిందన్న మాట పడకూడదనుకున్నాను.

ట్రస్టీ ఆవిడ మర్యాదస్తురాలే. ఈమధ్య ఎవరికైనా అప్పు తీర్చావా అని అడిగితే గర్వంగా చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది. దివాలాకు ముందు తెలిసినవాళ్ళకు మాత్రమే కట్టడం మిగతావాళ్ళకు అన్యాయమట. ఆ డబ్బు వెనక్కి తెచ్చి అందరికీ వాటాల ప్రకారం పంచాలట. అప్పిచ్చినవాళ్ళంతా సమానమేనట! నీళ్ళ సీసా ఇచ్చిన బ్యాంకూ, నాకు జ్వరమొస్తే షిఫ్టు మానేసి చారు కాచిపెట్టిన అక్కా సమానం! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సంగతి ఎలాగో అక్కకు చెప్పాను.

“నేనే నీకు అప్పిచ్చి, మళ్ల నేనే బ్యాంకోళ్లకు కట్టాల్నా? ఆళ్లు నీకు ఏనాడన్న బుక్కెడు బువ్వ పెట్టిన్రా?”

“లేదక్కా.”

“మరి?”

నా ఫైలు ఎక్కడ ఆగిపోతుందోనని, తిట్టుకుంటూనే అక్క డబ్బు తెచ్చి ట్రస్టీకి కట్టింది. వర్క్ పర్మిట్ కోసం ఇంకెవరి దగ్గరో చేయి చాచింది.

ఆ తర్వాత నెలనెలా నా ఆదాయం, ఖర్చు ట్రస్టీకి రాసిచ్చాను. డబ్బెలా వాడుకోవాలో పాఠాలు కూడా విన్నాను. పప్పు ప్యాకెట్ నెలంతా సాగదీసిన నాకు పాఠాలు! కార్డు ఎర వేసినవాళ్ళకు మాత్రం ఏ పాఠమూ లేదు. గది మారదామంటే, ఇళ్ళు అద్దెకిచ్చే మనవాళ్ళే క్రెడిట్ రిపోర్టు చూసి, “ఐపీ పెట్టావంట కదమ్మా” అని తలుపేసుకున్నారు.

పంపకాల్లో అక్క వాటాకు వచ్చిన చెక్కుతో ఓ బియ్యం బస్తా వచ్చింది. నాకేమో అప్పులన్నీ రద్దయినట్టు కాగితం వచ్చింది. చట్టం ప్రకారం ఇప్పుడు నేను అక్కకు పైసా బాకీ లేను.

ఆ మాట అక్క మొహం చూసి చెప్పగలిగేవాళ్ళుంటే రమ్మనండి. జీతం పడగానే నేను మొదట పంపేది అక్కకే.