యాదమ్మ కడిగి ఆరేసిన కాగితపు ప్లేట్లు

2023లో వానలు పడుతున్న కొత్తలో మొదలైన సంగతి ఇది. చేవెళ్ల రోడ్డు మీద మొయినాబాద్ దాటాక మాకొక గోదాం ఉంది. రేకుల షెడ్డు, ముందు లారీ తిరగడానికి చోటు, లోపల కప్పు దాకా పాత కాగితాలు. మా ఆయన పోయాక దాన్ని అమ్మేయమని మావాళ్లందరూ చెప్పారు. అమ్మేసి ఇంట్లో కూర్చుని ఏం చేయను, గోడలతో మాట్లాడనా? అమ్మలేదు. అప్పటినుంచి నేనే నడుపుతున్నాను. చుట్టుపక్కల అందరికీ నేను కాగితాల సేటమ్మను.

అందులో ఏముందమ్మా, కొనడం, తూచడం, అమ్మడమే కదా అని చాలామంది అంటుంటారు. అంత తేలికైతే మీరే వచ్చి ఒక్క పూట కూర్చోండి అంటాను. గోదాంలోకి వచ్చిన కాగితాన్ని ముందు ఏరాలి. దాన్ని సార్టింగ్ అంటాం. వార్తాపత్రికలు ఒక పక్కకు, అట్టపెట్టెలు ఒక పక్కకు, ఆఫీసుల తెల్లకాగితం ఇంకో పక్కకు. తెల్లకాగితానికి మర్యాద ఎక్కువ, ఎందుకంటే దాంట్లోంచి మళ్లీ తెల్లకాగితమే వస్తుంది. ప్లాస్టిక్ పూత వేసిన పెళ్లిపత్రికలు, షాపుల్లో ఇచ్చే నున్నటి బిల్లులు, మైనం పూసినవి తీసి అవతల పడేయాలి. ఏరినదాన్ని బేలింగ్ మిషన్‌లో వేసి నొక్కి, తీగతో బిగించి దిమ్మెలు కడతాం. అవే బేల్స్. లారీ నిండితే మిల్లుకు పోతాయి.

ఆ మిల్లును ఒకసారి పట్టుబట్టి చూసివచ్చాను. అక్కడ పల్పర్ అని ఒక పెద్ద తొట్టి, అడుగున రెక్కలు గిర్రున తిరుగుతుంటాయి. మన ఇడ్లీపిండి గ్రైండర్ గది అంత పెద్దదైతే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. బేలు నీళ్లలో పడిన కాసేపటికే గుజ్జయిపోతుంది. దాన్ని జల్లెడ పట్టి పిన్నులూ ప్లాస్టిక్ ముక్కలూ తీసేస్తారు. తర్వాత సబ్బులాంటి మందు కలిపి అడుగునుంచి గాలి ఊదుతారు. అచ్చు సిరా అంతా నురగతో పైకి తేలితే గీకి పారేస్తారు. ఈ పనిని డీఇంకింగ్ అంటారు. కడిగిన గుజ్జును సన్నని జాలీ మీద పలచగా పరిచి, నీళ్లు పిండేసి, వేడి రోలర్ల మీదుగా నడిపిస్తే అవతల కొత్త కాగితం చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. ఇంటికొచ్చాక ఎవరికైనా చెబుదామంటే ఎవరున్నారు? మర్నాడు అజీజ్‌నగర్ వెళ్లి యాదమ్మకు చెప్పాను.

యాదమ్మ అక్కడ ఒక ఫామ్‌హౌస్‌లో వంటమనిషి. వంట పేరుకే. యజమాని సిటీలో ఉంటాడు, ఎప్పుడో స్నేహితులను వెంటేసుకుని వస్తాడు. మిగతా రోజులన్నీ ఆ పెద్ద తోట, తాళాలేసిన గదులు, నీళ్లు లేని ఈతకొలను, వాటి మధ్య యాదమ్మ. నా వయసుదే, యాభై దాటింది. బక్కపల్చని మనిషి, మాట తక్కువ. సారు వచ్చినా రాకపోయినా ఆ ఇంటికి రోజూ వార్తాపత్రికలు వచ్చిపడేవి. చదివేవాళ్లు లేరు. యాదమ్మకు చదువు రాదు. అయినా ఒక్క మడత నలగకుండా, చెద పట్టకుండా మధ్యమధ్య ఎండు వేపాకు వేసి, పైన పాత చీర కప్పి పెట్టేది. అంత శుభ్రమైన సరుకు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఆ ఇంటి గేటుకు ఒక కెమెరా, వరండాలో ఒక కెమెరా. సారు సిటీలో కూర్చుని ఫోన్‌లో చూస్తుంటాడు. పని ఉన్నవాళ్లకు తప్ప గేటు తీయొద్దని గట్టిగా చెప్పి పెట్టాడు. ఎవరైనా ఊరికే వచ్చి కూర్చుంటే యాదమ్మ పని ఊడుతుంది. నాకు మాత్రం పని ఉంది కదా. నెలకోసారి అంజయ్య ట్రాలీ ఆటోలో కాంటా వేసుకుని దర్జాగా వెళ్లేదాన్ని. వరండాలో కాగితం తూచడం, అంజయ్య ట్రాలీలోకి ఎక్కించడం, ఆ తర్వాత యాదమ్మ పెట్టిన చాయ్, ముచ్చట్లు.

అంజయ్య మా పాత డ్రైవర్. అతనికి విసుగు. "సేటమ్మా, కాయితం తూసుడు జరంత సేపు, ముచ్చటేమో పొద్దుందాక. నా వేరే కిరాయిలు ఎట్ల?" అని దారి పొడుగునా గొణిగేవాడు.

"ఊకో అంజయ్యా. పాపం, అంత పెద్ద కొంపల ఒక్కతే ఉంటది. మనం గాకుంటే ఆమెతోని మాట్లాడెటోళ్లు ఎవరున్నరు చెప్పు?" అని నేను కసిరేదాన్ని.

ఆ వానాకాలం ఒకరోజు వెళ్లేసరికి యాదమ్మ గేటు సగమే తీసి నిలబడింది. మొహం వాడిపోయి ఉంది.

"సారు పేపర్లు బంద్ వెట్టిండు సేటమ్మా. ఇగ ఫోన్లనే సదువుతడంట."

"అట్లనా!" అన్నాను.

"కాయితం లేకుంటే నిన్ను లోపటికి రమ్మనరాదు. మల్ల నెలకు రా. ఏదో ఒకటి జమజేసి పెడ్త," అంది.

మరుసటి నెల వెళ్లాను. గేటు తీయగానే నాకు కళ్లు తిరిగాయి. బట్టలారేసే తీగ మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా కాగితపు ప్లేట్లు! ఒక్కోదానికి ఒక్కో క్లిప్పు. కింద చాప మీద కాగితపు కప్పులు బోర్లించి, ఎగిరిపోకుండా వాటి చుట్టూ రాళ్లు పేర్చింది.

"ఏందే యాదమ్మా ఇది? పెండ్లి గిట్ల చేస్తున్నవా?"

"పక్క రిసార్టుల దావత్‌లు అయితయి గద. గోడకవతల కుప్పలు కుప్పలు పారేస్తరు. అన్ని ఏరుకొచ్చిన. సబ్బు వెట్టి కడిగిన. నూనె వోలేదని మల్లొకపారి కడిగిన. సూడు, ఎంత తెల్లగొచ్చినయో!"

ఆమె మొహం వెలిగిపోతోంది. ఏం చెప్పను? ఇన్నేళ్ల నా వ్యాపారంలో చెప్పడానికి అంత కష్టమైన మాట లేదు. కాగితపు కప్పుకు లోపల పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, లేకపోతే చాయ్ కారిపోతుంది. ఆ పొర మామూలు మిల్లులో ఊడిరాదు. ప్లేటుకు అంటిన బిర్యానీ నూనె కాగితం పైన ఉండదు, దాని పీచులోకి దిగిపోతుంది. పల్పర్‌లో పడితే మంచి గుజ్జుకు కూడా అంటుకుంటుంది. తయారైన కాగితం మీద మచ్చలు పడతాయి, ఆ మచ్చల దగ్గర చిరుగుతుంది. అట్లాంటిది కనిపిస్తే మిల్లువాళ్లు లారీ మొత్తాన్ని వెనక్కి పంపుతారు. ఇదంతా ఆమె పక్కన మెట్టు మీద కూర్చుని చెప్పాను.

"కడిగిన గద సేటమ్మా," అంది మళ్లీ.

"కాయితం గిన్నె గాదు యాదమ్మా. తోమితే వొయ్యేటిది గాదు."

ఆమె లేచి ఒక్కో క్లిప్పూ తీసి ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ పోయింది. నేనూ లేచి కప్పులు ఏరడం మొదలుపెట్టాను. కాసేపటికి నావైపు చూడకుండానే, "నువ్వు ఉత్తచేతులతోని వోవద్దని జేసిన," అంది. ఇంటికొచ్చిన మనిషిని ఖాళీగా పంపకూడదనే మర్యాద కాబోలు అనుకున్నాను.

ఇంటికి వచ్చానే గానీ అన్నం సయించలేదు. ఆ తీగ, ఆ ప్లేట్లే కళ్లలో. నేను వెళ్లకపోతే ఆమె ఆ ఇంట్లో పిచ్చిదైపోతుందని నాకు నేనే భయపడిపోయాను. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. తర్వాతి నెల మా గోదాంలోంచే నాలుగు కట్టల వార్తాపత్రికలు తీసి, ట్రాలీలో టార్పాలిన్ కింద దాచి తీసుకెళ్లాను. అంజయ్య వాటిని వరండాలో దింపాడు. కెమెరాకు కనిపించేటట్టు తూచాను. మళ్లీ ట్రాలీలోకి ఎక్కించాం. ఆ తర్వాత చాయ్, ముచ్చట్లు మామూలే.

"మన కాయితం మనమే తూసుకునుడు ఏం యాపారం సేటమ్మా?" అన్నాడు అంజయ్య. నేనూ యాదమ్మా కడుపు నొప్పి వచ్చేదాకా నవ్వాం.

చలికాలం వరకు అట్లాగే సాగింది. అవే నాలుగు కట్టలు వెళ్లడం, రావడం. ఎక్కించి దించడంలోనే వాటి అంచులు చీకిపోయి పొడి రాలేది. ఆ పొడి దులుపుకుంటూ ఒకరోజు యాదమ్మకు కాగితం ఆయుష్షు సంగతి చెప్పాను. కాగితం అంటే చెట్టు పీచు. పల్పర్‌లో నలిగిన ప్రతిసారీ ఆ పీచు తెగి పొట్టిదవుతుంది. ఐదారుసార్లు అయ్యాక ఒకదాన్నొకటి పట్టుకునే బలం ఉండదు. అప్పుడిక కోడిగుడ్ల ట్రేలకు తప్ప పనికిరాదు. మంచి కాగితం కావాలంటే కొత్త చెట్టు గుజ్జు ఎంతో కొంత కలపాల్సిందే. పాత కాగితం వాడితే చెట్లే నరకక్కర్లేదని చెప్పేవాళ్లుంటారు, అది ఉత్త మాట. చెట్ల మీద భారం తగ్గుతుంది, నీళ్లూ కరెంటూ మిగులుతాయి, చెత్తకుప్పలో తగలబడి పొగయ్యేది మళ్లీ పుస్తకమవుతుంది. అదేం తక్కువ కాదు.

యాదమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. ఆ మాట నుంచి నేను మా ఆయన సంగతిలోకి పోయాను. షుగర్ ఉన్నా బేళ్ల సందులో జిలేబీ పొట్లం దాచుకుని తినేవాడని, దొరికిపోతే ఎలుకల మీదికి నెట్టేవాడని చెబుతున్నాను. అంతలో వరండా కెమెరాకున్న స్పీకర్‌లోంచి మాట వచ్చింది.

"యాదమ్మా! పేపర్ మాన్పించి ఇన్ని నెలలైంది కదా. ఏం తూస్తున్నారక్కడ?"

సారు గొంతు. ఎప్పుడూ ఆగని నా నోరు ఆ క్షణాన పడిపోయింది. నా ఉపాయమే ఆమె పనికి ఎసరు తెచ్చింది. ఈ వయసులో ఆమెను గేటు బయటికి పొమ్మంటే?

యాదమ్మ మాత్రం తొణకలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని కెమెరా ముందుకు వెళ్లింది.

"కాయితాలు ఆమెవే సార్. ఆమెనే తెచ్చుకుంటది, తూసుకుంటది, తీస్కపోతది."

"ఎందుకు?"

"పాపం, ఆమెకు మాట్లాడనీకి ఎవ్వరు లేరు సార్. పెనిమిటి వోయిండు. ఇంట్ల ఒక్కతే ఉంటది. నెలకొక్కపారి వచ్చి మనసుల ఉన్నదంత జెప్పుకొని పోతది. నేను గూడ గేటు తియ్యకుంటే యాడికి వోతది సార్?"

"సరేలే. రానీ. ఆ కాంటా ఎందుకు మధ్యలో," అన్నాడు సారు. అంతే.

నాకు ఒళ్లు మండిపోయింది. నాకు ఎవరూ లేరా? నేను పాపమా? పెద్ద గోదాం నడిపేదాన్ని, పదిమందికి పని ఇచ్చేదాన్ని! గ్లాసు ఠక్కున పెట్టేసి, పోయొస్తానని కూడా అనకుండా ట్రాలీ ఎక్కాను. అంజయ్య అటు తిరిగి నిలబడ్డాడు. "నవ్వినవంటే చూస్కో," అన్నాను. "నేనేమన్న సేటమ్మా!" అని బండి తీశాడు.

దారిలో హిమాయత్‌నగర్ ఊరి దగ్గరికి వచ్చేసరికి కోపం దిగింది. ఆ వరండాలో అన్నాళ్లూ మాట్లాడిందెవరు? నేనే. మా ఆయన జిలేబీల సంగతి ఆమెకు తెలుసు. నాకు ఏ మోకాలు నొప్పో తెలుసు, చాయ్‌లో చక్కెర ఎంతో తెలుసు, ఏ తిథికి ఏడుస్తానో తెలుసు. ఆమె గురించి నాకేం తెలుసు? ఆమె సొంత ఊరు ఏదో కూడా తెలియదు. పిల్లలున్నారో లేరో ఎన్నడూ అడగలేదు. ఆమె కోసమే నేను వెళ్తున్నాననుకున్నాను. ఆమె నా కోసం గేటు తీస్తోంది. ఎవరో తిని పారేసిన ఎంగిలి ప్లేట్లు ఏరి, నూనె పోయేదాకా తోమింది కూడా నేను రావడం ఆగిపోకూడదనే. ట్రాలీలో ముందు సీట్లో కూర్చుని, అంజయ్య పక్కనే ఉన్నాడని కూడా చూడకుండా భోరున ఏడ్చాను. అతను బండి మెల్లగా నడిపాడు.

మరుసటి నెల కట్టలూ లేవు, కాంటా లేదు. ఖాళీ చేతులతో వెళ్లి మెట్టు మీద కూర్చున్నాను. పోయిన నెల కోపంతో వెళ్లిన సంగతి ఆమె ఎత్తనేలేదు.

"యాదమ్మా, ఇయ్యాల నేను మాట్లాడ. నువ్వే చెప్పాలె. నీది ఏ ఊరు?"

ఆమె నవ్వింది. "చెప్తగని, ముందుగాల నీ మోకాలు ఎట్లున్నదో చెప్పు. మొన్న కుంటుకుంట వోతివి."

అడిగింది కదా అని మొదలుపెట్టాను. మోకాలి నుంచి దవాఖాన, దవాఖాన నుంచి మా ఆయన ఆఖరి రోజులు. అంజయ్య వచ్చి హారన్ కొట్టేదాకా నాకు సోయి లేదు.

సంచిలో చెయ్యి పెట్టి, చూడకుండానే ఏ కాగితం మిల్లుకు పోతుందో, ఏది పోదో చెప్పగలను. నా ఒంటరితనం మాత్రం నా చేతికి తగలలేదు, ఇంకొకరు చెబితే తెలిసింది. యాదమ్మ ఊరు ఏదో నాకు ఇప్పటికీ తెలియదు.