పాతపట్నానికి పట్టుకెళ్లిన సమీక్ష ప్రతి

శ్రీకాకుళం నుంచి వచ్చే ఒక మాసపత్రికలో కొత్త పుస్తకాల పేజీ నేను రాస్తాను. నరసన్నపేటలో ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పడం నా ఉద్యోగం, ఈ పేజీ ఇష్టం కొద్దీ చేసే పని. ఒక విశ్వవిద్యాలయం తన ప్రెస్సులో అచ్చయిన పుస్తకాలను సమీక్ష కోసం నాకు పంపుతుంది. చాలావరకు పరిశోధన గ్రంథాలే. అన్నిటికీ ఒకే రంగు అట్ట, లోపల చిన్న అక్షరాలు. కొన్నిటి గురించి నాలుగు వాక్యాల వార్త రాసి ఊరుకుంటాను. మనసుకు పట్టినవాటి మీద తీరిగ్గా రాస్తాను.

పోయిన వానాకాలం వచ్చిన పార్సిల్లో, ఒడిశా సరిహద్దు సంతల్లో మాట్లాడే భాష మీద ఒక పుస్తకం ఉంది. రాసినావిడ పాతపట్నంలో రిటైరైన టీచరు. ఉద్యోగం చేస్తూనే, పిల్లల చదువులు అయ్యాక, పరిశోధనలో చేరానని ముందుమాటలో రాసుకున్నారు. తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ పక్కపక్కన కూర్చుని ఎలా బేరమాడతారో ఆసక్తిగా చదువుతూ పోయాను. సగం దాటాక, చదివిన పేజీలే మళ్లీ ఎదురయ్యాయి. బైండింగులో ఒక పేజీల కట్ట రెండుసార్లు పడి, దాని తర్వాతది పడనే లేదు. విషయసూచికతో పోల్చి చూశాను. చింతపండు అమ్మే ఒక స్త్రీ మాట తీరు మీద రాసిన అధ్యాయం పూర్తిగా పోయింది.

ప్రెస్సుకు ఫోన్ చేస్తే మంచి ప్రతి పంపుతామన్నారు, ఎప్పుడో చెప్పలేదు. ముందుమాట కింద నంబరుంటే రచయిత్రికే చేశాను.

"పుస్తకం వచ్చేసిందాండీ?" అన్నారావిడ.

తనకు రావలసిన ప్రతులు ఇంకా అందలేదట. అట్ట ఎలా ఉందో కూడా ఆవిడ చూడలేదు. పేజీలు పోయిన సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆదివారం తీసుకొస్తానని మాత్రం అన్నాను.

ఆదివారం బస్సు దిగేసరికి స్టాండులోనే నిలబడి ఉన్నారు. నా చేతిలోంచి పుస్తకం అందుకుని అట్ట మీద పేరు చూసుకున్నారు. గొడుగు నన్ను పట్టుకోమని, కొంగుతో అట్ట మీది చినుకులు ఒత్తారు. దారి పొడుగునా దాన్ని కొంగు కిందే పెట్టుకుని నడిచారు.

ఇంట్లో అరుగు మీద వాళ్లమ్మగారు కూర్చుని ఉన్నారు. పెద్దావిడ. చదువు రాదు. ఒకప్పుడు కొండల నుంచి దిగిన చింతపండు కొని సంతలో అమ్మేవారు. ఆ అధ్యాయం ఎవరి గురించో నాకు అప్పుడు అర్థమైంది.

"వచ్చీసినాదేటి పుస్తకం? నా గురించి రాసినావు గదే. సదువు, ఇంటాను," అన్నారామె.

కూతురు కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పారు. ముందుకు తిప్పారు, వెనక్కు తిప్పారు. నావైపు చూశారు.

"ఫోన్లో చెప్పలేకపోయానండీ. బైండింగులో పోయింది. మిగతా కాపీల్లో ఉండే ఉంటుంది," అన్నాను.

ఆవిడ ఆ పేజీల మధ్య వేలు అలాగే పెట్టుకుని కూర్చున్నారు. పెద్దావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏటయ్యిందే?" అని అడిగారు.

"నీ కాడికొచ్చీసరికి పేజీలు నేవమ్మా. అచ్చోళ్లు మర్సిపోనారు."

"సర్లే. నువ్వు రాసిందే గదా, నోటితో సెప్పు."

కూతురు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. మొదట కొంచెం తడబడ్డారు, నేను ఉన్నానని కాబోలు. తర్వాత మాట సాగింది. చిన్నప్పుడు తల్లి వెనక గోనె మీద కూర్చున్నప్పుడు విన్నదంతా చెప్పుకొచ్చారు. అవతలి ఊరి కొనుగోలుదారు వచ్చి "కేతే?" అని ధర అడిగితే, తల్లి ఒడియాలోనే గట్టిగా చెప్పేదట. ఆ ధర ఇక దిగదన్నమాట. కాసేపటికి తెలుగులోకి వచ్చి మళ్లీ చెప్పిందంటే, కొంచెం తగ్గడానికి ఒప్పుకున్నట్టు. ఇది పక్క దుకాణాలవాళ్లకూ తెలుసు, కొనేవాళ్లకూ తెలుసు.

"ముసిలోళ్లొస్తే ముందే తెలుగులో సెప్పీసీదాన్ని. అది రాసినావా?" అన్నారు పెద్దావిడ.

"నేదమ్మా. నువ్వెప్పుడూ సెప్పనేదు గదా."

"నువ్వడగనేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను అన్నం తిని సాయంత్రం బస్సుకు బయలుదేరేదాకా ఆ కబుర్లే. పుస్తకం తిరిగి ఇవ్వబోతే నేను తీసుకోలేదు.

తర్వాతి వారం మంచి ప్రతి వచ్చింది. ముందుగా ఆ అధ్యాయమే తీశాను. విషయం అదే, తప్పేమీ లేదు. కానీ తల్లి పేరు లేదు, కూతురు లేదు, గోనె లేదు. "ఒక మహిళా విక్రేత" అని ఉంది. అరుగు మీద విన్నది ఇందులో ఎక్కడుందా అని రెండోసారి చదివాను. సమీక్షలో ఏం రాయాలో చాలాసేపు తేలలేదు. ఆవిడ ఇంట అన్నం తిని వచ్చానన్న మొహమాటం ఒకటి. చివరికి పుస్తకంలోని మంచిని ఉన్నదున్నట్టు మెచ్చుకుని, ఆ అధ్యాయాన్ని రచయిత్రి నోట వింటే ఇంతకంటే బాగుంటుందని ఒక వాక్యం రాశాను.

పత్రిక అందిన రోజు ఆవిడే ఫోన్ చేశారు. కోపంగా ఉంటారనుకున్నాను.

"సమీక్ష సదివానమ్మా. నిజమే రాశారు. మా గైడు గారు కథలాగ ఉండకూడదంటే అలాగ దిద్దీసినాను."

"అమ్మగారికి ఆ అధ్యాయం చదివి వినిపించారా?"

"నా కాపీలొచ్చాక వినిపించాను. అంతా ఇని, 'ఇది నానేటి? ఎవరో ఆపీసరమ్మలాగున్నాది' అనీసింది."

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక తల్లి దగ్గర కూర్చుని, ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నానన్నారు. ఇలాంటిది విశ్వవిద్యాలయం వాళ్లు వేస్తారా అని అడిగాను.

"ఏమోనమ్మా. ముందు అమ్మని సెప్పనీండి," అన్నారావిడ.

అవతల పెద్దావిడ గొంతు వినిపించింది, ఎవరే అని అడుగుతున్నారు. ఫోన్ ఆమె చేతికిచ్చారు.