నాయిన కొలువు నేనడిగిన ఏడాది

నాయిన ఇక బాయి పనికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చిన వారానికే నాకు మొదటి సంబంధం వచ్చింది. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. వచ్చిన అబ్బాయి నా వంక ఒకసారి చూశాడు. గోడకు వేలాడుతున్న నాయిన టోపీ వంక రెండుసార్లు చూశాడు.

ఎనభైల మొదటి సంవత్సరాలు. భద్రాచలం వైపు అడవిని కొట్టి కట్టిన కాలనీలో మా క్వార్టరు. జబ్బు చేసి పని మానేసిన కార్మికుడి కొలువు అతని వారసుడికి ఇచ్చేవారు. వారసుడంటే కొడుకు. కొడుకు లేకపోతే అల్లుడు. మా నాయినకు ఉన్నది నేనొక్కదాన్నే. అంటే నా మెడలో తాళి కట్టినవాడికి నాయిన కొలువు. ఒక్క నెలలో ముగ్గురు వచ్చారు. ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివానని, టైపు లోయరూ హయ్యరూ పాసయ్యానని ముగ్గురిలో ఒక్కరికీ పట్టలేదు. నాయిన గ్రేడు ఏమిటో మాత్రం ముగ్గురూ అడిగారు.

మూడోవాళ్లు వైరా నుంచి వచ్చారు. వాళ్ల పెద్దమనిషి కాళ్లు చాపుకొని కూర్చుని, "పిల్లను ఇయ్యి, కొలువు ఇయ్యి. రెండూ మా ఇంట్ల పదిలంగ ఉంటయి" అన్నాడు.

నేను వంటింట్లోంచి బయటికొచ్చి, "కొలువు నేనే చేస్త" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. దానికే నాకు ఎక్కువ మండింది. నవ్వి, "బాయిల దిగి బొగ్గు కొడ్తవా బిడ్డా?" అన్నాడు.

నాయిన దగ్గు ఆగేదాకా ఆగి, "అడిగి చూద్దాం. అడిగితె పొయ్యేదేముంది" అన్నాడు. ఆయన ఆడవాళ్ల హక్కులు తెలిసిన మనిషని అనుకోవద్దు. అల్లుడు పెట్టే కూడు తినడం ఆయనకు ఇష్టం లేదు, అంతే. అయినా ఆ మాట అన్నది ఆయనొక్కడే.

మరుసటి రోజు నేనూ అమ్మా గని ఆఫీసుకు వెళ్లాం. అమ్మ అప్పుడు కాంట్రాక్టరు దగ్గర కూలి. ఆ ఆఫీసుకే కొత్త గది కడుతుంటే ఇటుకలు మోస్తోంది. కిటికీ వెనకాల గుమాస్తా నా కాగితం చదివి, చాలా జాలిగా తల ఊపాడు.

"ఆడోళ్లను బాయిల దింపొద్దని కానూను ఉందమ్మా. మీ మంచికే పెట్టిండ్రు. అండ్ల ప్రమాదం."

అమ్మ చేతులకు ఇంకా సిమెంటు ఉంది. "నేను పొద్దుగాల సంది మీ గోడకే ఇటుకలు మోస్తున్న సారూ. ఎండల మొయ్యనిచ్చే కానూను నీడకు దిగనియ్యదా?"

"అది కాంట్రాక్టరు సంగతి. నాకేం తెలుసు?"

"నాకు దిగే పని వద్దు సార్, టైపు వచ్చు" అన్నాను.

"అవి వేరే పోస్టులు. మీ ఇంట్ల మగోళ్లు ఎవరన్న ఉంటె తోలియ్యిండ్రి, మాట్లాడుత."

ఆడదాన్ని మగవాడితో సమానంగా చూడాలా, ఆడది కనుక ప్రత్యేకంగా కాపాడాలా, కాపాడడం పేరుతో గడప లోపల కట్టేస్తున్నారా అని పెద్దపెద్ద చదువులవాళ్లు తరాల తరబడి వాదించుకున్నారని తర్వాత పుస్తకాల్లో చదివాను. బీరువాల నిండా ఉంది ఆ వాదన. ఏ బీరువాలోనూ మా అమ్మ అడిగినంత సూటిగా అడిగినవాళ్లు నాకు కనపడలేదు. ఆవిడ ఆ ప్రశ్న అడిగి మళ్లీ ఇటుకల దగ్గరికి వెళ్లిపోయింది. ఆలస్యమైతే మేస్త్రీ సగం రోజు కొట్టేస్తాడు.

తర్వాత యూనియన్ నాయకుడి ఇంటికి వెళ్లాను. బాగా చదువుకున్న మనిషి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా చేతిలో ఒక పుస్తకం పెట్టి, గంటసేపు చెప్పాడు.

"చెల్లె, నువ్వు అడిగేది న్యాయమే. కాని ముందు వర్గం. దోపిడీ పోతె ఆడోళ్ల సమస్య దానంతట అదే పోతది. ఇప్పుడు ఆడ మగ అని విడదీస్తె కార్మికుల ఐక్యత దెబ్బతింటది."

"ఎన్నేండ్లకు పోతది అన్నా?"

ఆయన మొహం చిట్లించాడు. కర్టెను వెనక నుంచి ఒక చెయ్యి టీ అందించింది. చెయ్యి తప్ప మనిషి కనపడలేదు. ఆయన ఒక గుక్క తాగి, ఉపన్యాసం ఆపకుండానే కర్టెను వైపు తిరిగి, "చక్కెర తక్కువైంది" అన్నాడు.

అబద్ధం చెప్పను, ఆ పుస్తకం నాకు పనికొచ్చింది. ఆస్తి, వారసత్వం, పెళ్లి ఒకే తాడులోని మూడు పోగులని అందులో ఉంది. పొద్దున్నే మగవాడు డ్యూటీకి వెళ్లాలంటే అన్నం వండి, బట్టలుతికి, అతన్ని మళ్లీ పనికి తయారు చేసే చాకిరీ ఒకటుందని, దానికి ఏ మస్టరులోనూ హాజరు వేయరని ఉంది. నన్ను చూడవచ్చిన ముగ్గురూ ఆ పేజీలోంచి నడిచొచ్చినట్టే ఉన్నారు. ఆ పేజీలు చదవకుండానే నాయకుడు ఆ పుస్తకం నాకు ఇచ్చాడని నా నమ్మకం.

గేటు దాకా సాగనంపడానికి ఆయన భార్య వచ్చింది. మొదటిసారి మొహం చూశాను. "పోయిన సమ్మెల పోలీసుల ముందట మమ్ములనే నిలవెట్టిండ్రు" అంది మెల్లగా. "ఆడోళ్లను కొట్టరు అన్నరు. కొట్టిండ్రు." భుజం మీది కొంగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది. చర్చల బల్ల దగ్గర ఆడవాళ్లు ఎంతమంది కూర్చున్నారని అడగాలనుకున్నాను. అడగకుండానే తెలుసు.

ఖమ్మంలో ఒక వకీలు ఉన్నాడని ఎవరో చెబితే నాయినా నేనూ బస్సెక్కాం. ఆయన కోటు సర్దుకుని, రాజ్యాంగం ముందు ఆడామగా ఒక్కటేనని, చదువూ ఓటూ ఉద్యోగమూ అందరికీ సమానమని, చట్టం సరిచేస్తే సమాజం సరవుతుందని చెప్పాడు. ఇదంతా నాయిన మొహంలోకి చూసే చెప్పాడు. "కంపెనీకి నోటీసు ఎవరి పేరు మీద ఇద్దాం పెద్దాయనా, మీ పేరు మీదనేనా?" అన్నాడు. నేను నా పేరు చెప్పాల్సి వచ్చింది. ఆయన గదిలో ఒక అమ్మాయి టైపు కొడుతోంది. వెనకాల నిలబడి తప్పులు పట్టే వకీలు గుమాస్తాకు మీటలు ఎక్కడున్నాయో కూడా తెలియదు. అది ఆయనకు ఎప్పుడూ అసమానత్వంలా కనిపించినట్టు లేదు. కానీ నోటీసు మాత్రం ఆయన బాగా రాశాడు. ఆ మాట దాచను.

నోటీసు ఇచ్చాక అమ్మా నేనూ వంతుల వారీగా ఆఫీసు వరండాలో కూర్చునేవాళ్లం. వారాలు, నెలలు. వచ్చేపోయేవాళ్లు మమ్మల్ని చూసి మొదట నవ్వారు, తర్వాత నవ్వడం కూడా మానేశారు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం పట్నం నుంచి జీపులో నలుగురు ఆడవాళ్లు వచ్చి కాలనీ బడి షెడ్డులో మీటింగు పెట్టారు. వాళ్లలో ఒకామె కాలేజీ లెక్చరరు. ఇంట్లో చివర తినేదెవరు, ముందు లేచేదెవరు, వద్దన్నా వినకపోతే ఆడది ఎవరితో చెప్పుకోవాలి, ఇవన్నీ కూడా రాజకీయాలే అంది. అధికారం అసెంబ్లీలోనే ఉండదు, మంచం మీదా వంటింట్లోనూ ఉంటుంది అంది. ముసిముసిగా నవ్వుకుంటున్న ఆడవాళ్లు నవ్వు ఆపేశారు.

మా అమ్మ లేచింది. "మా ఆయన మంచోడే. కాని నా బిడ్డ చిన్నగున్నప్పుడు తాగొచ్చి కొట్టేటోడు. ఇది గూడ మీటింగుల చెప్పే ముచ్చటనా?"

"అవునమ్మా, ఇదే చెప్పాల్సింది" అంది లెక్చరరు.

నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. అమ్మ ఇన్నేళ్లూ అది తన తప్పన్నట్టు దాచుకుంది. ఆ ఒక్క పూటకు ఆ జీపు మా ఊరికి రావడం మంచిదే అయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. షెడ్డు చివర ఒక కోయ ఆమె విస్తరాకుల కట్ట పక్కన పెట్టుకుని వింటోంది. కాలనీకి ఆకులూ కట్టెలూ అమ్మేది. లెక్చరరు ఆమెను చూసి మొహం వెలిగించుకుని, "మీలో ఆడవాళ్లకు మాకన్నా స్వేచ్ఛ ఎక్కువ. మీరే మాకు ఆదర్శం" అంది.

ఆ కోయ ఆమె లేచి నిలబడింది. మాతో తెలుగు మాట్లాడేది, తనవాళ్లతో తన భాష.

"స్వేచ్ఛ ఉందంటివి. మరి నా చేను యాడుంది?" అంటూ గని మీద తిరుగుతున్న చక్రం వైపు చెయ్యి చాపింది. "అగో, ఆడ ఉండె. కాయితం మా ఆయన పేరనే లేకుండె, నా పేరన యాడిది? ఈ పిల్ల కొలువు కోసం కొట్లాడుతుంది. మంచిదే, రావాలె. కాని ఆ కొలువు మా చేన్ల ఉంది."

లెక్చరరు నోటుబుక్కులో రాసుకుంది. "చాలా ముఖ్యమైన కోణం" అంది. ఆ తర్వాత చేతి గడియారం చూసుకుంది. చీకటి పడకముందే జీపు అడవి దాటాలట.

లెక్చరరును వెక్కిరించడం సులువు. నేనూ ఆ రోజు నోరు తెరవలేదు. ఏళ్ల తరబడి ప్రతి వారం ఆ మనిషి దగ్గర ఆకులు బేరమాడి కొన్నాను. నీది ఏ ఊరు, ఎక్కడ ఉంటావు అని ఒక్కసారి అడగలేదు. ఆడవాళ్లందరిదీ ఒకే బాధ అని మనసులో ఎంత గట్టిగా అనుకున్నానో, ఆ 'అందరూ' అనే మాటలో ఆమెను అంత సులువుగా మరిచిపోయాను.

ఎనిమిది నెలలకు కాగితం వచ్చింది. 'సానుభూతితో' నాకు ఉద్యోగం ఇస్తున్నారట. టైపిస్టు కాదు, అటెండరు. నన్ను తిప్పి పంపిన ఆ గుమాస్తాకే నీళ్లు అందించే పని. చేరాను. అభిమానం చూపించి ఇంట్లో కూర్చుంటే ఆ కుర్చీ మళ్లీ ఎవరి అల్లుడికో పోతుందని తెలుసు. ఆ నెల గేటు మీటింగులో యూనియన్ నాయకుడు నా ఉద్యోగాన్ని తమ పోరాట విజయాల్లో మూడోదిగా చెప్పాడు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఇప్పటికీ ఆ చప్పట్లకు సిగ్గుపడతాను. రెండేళ్లు నీళ్లు మోశాక, టైపు పరీక్ష మళ్లీ రాయించుకుని, మిషను ముందు కూర్చోబెట్టారు.

తొంభైల నడుమ ఖమ్మంలో ఒక కాలేజీవాళ్లు స్త్రీవాదం మీద సదస్సు పెట్టి, కొలువు కోసం కొట్లాడినదాన్నని నన్నూ పిలిచారు. కార్డులో మిగతావాళ్ల పేర్ల కింద 'ప్రసంగం' అని, నా పేరు కింద 'అనుభవం' అని వేశారు. వాళ్లు ఆలోచిస్తారు, నాకు జరుగుతుంది అన్నమాట. నల్లబల్ల మీద స్త్రీవాదం పాయలు గీశారు: ఉదారవాదులు, మార్క్సిస్టులు, రాడికల్, సోషలిస్టు. చట్టంలో సమానత్వం, శ్రమా ఆస్తీ, మగ పెత్తనం, రెండు దోపిడీలూ కలిసే చోటు. అంతా అయ్యాక, బల్ల అంచున, చోటు చాలనట్టు చిన్న అక్షరాలతో, 'దళిత, ఆదివాసీ స్త్రీలు' అని రాసి ఒక బాణం గుర్తు పెట్టారు. ఒక్కో వక్తా తన పాయే నది అనీ, మిగతావి మురికి కాల్వలనీ నిరూపించాడు. అవును, నిరూపించాడు. నలుగురిలో ముగ్గురు మగవాళ్లు.

భోజనానికి ముందు నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. ఈ పాయలన్నిటినీ నేను ఒకే ఏడాది ఒక కొలువు కోసం తిరిగి చూశానని, ప్రతిదానిలో ఒక నిజం దొరికిందని, ఆ నిజం చెప్పిన మనిషి తన ఇంట్లోనో ఆఫీసులోనో దాన్ని వాడి చూడలేదని చెప్పాను. విస్తరాకులు అమ్మే ఆమె మాట కూడా చెప్పాను. అధ్యక్షుడు గంట కొట్టాడు.

బస్టాండులో ఒక డిగ్రీ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. బోనకల్ వైపు పిల్ల.

"మేడం, మీరు ఏ పాయ? నోట్సుల రాసుకోవాలె."

"రాసుకోకు. మీ ఇంట్ల ఏంది సంగతి, అది చెప్పు."

కొంచెం తటపటాయించి చెప్పింది. తనకు మార్కులు ఎక్కువ వచ్చినా అన్నను ఇంజనీరింగుకు పంపారట. తనకు బీఏ చాలన్నారట, అదీ పెళ్లి కుదిరేదాకే. చెబుతున్నంతసేపూ చేతిలో నోట్సు తెరిచే ఉంది. అందులో పాయల బొమ్మ నాలుగు రంగుల్లో చక్కగా గీసుకుంది. అన్న సంగతి ఎక్కడా రాసుకోలేదు.

నా బస్సు వచ్చింది. ఎక్కలేదు. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. పైచదువుకు ఏ పరీక్ష రాయాలో, హాస్టలుకు ఎవరికి అర్జీ పెట్టాలో, నాన్న వద్దంటే ఏమని వాదించాలో మాట్లాడుకున్నాం. ఆఖరి పేజీ చించి, అర్జీ అక్కడే రాయించాను.