బర్రెలు దూరని పార్కు

జనగామలో మా సందు చివర ఉన్న పార్కును గీసిన మహానుభావుడెవరో గానీ, మనుషుల కంటే బర్రెల గురించే ఎక్కువ ఆలోచించాడు. బెంచీలన్నీ ప్రహరీ గోడకేసి చూస్తుంటాయి. కూర్చుంటే సున్నం పెచ్చులు లెక్కపెట్టుకోవాలి. నీడనిచ్చే ఒకే ఒక్క వేపచెట్టు చుట్టూ ముళ్లకంచె. ఇక లోపలికి దారి గిర్రున తిరిగే ఇనుప గేటు. పొట్ట పీల్చుకుని ఒక్కొక్కరే దూరాలి. బర్రె దూరదు. మా అవ్వ వాకర్ కూడా దూరదు.

అవ్వ అంటే నన్ను కన్నతల్లే. తెలంగాణ సమ్మె జరిగిన ఏడాది వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. "నడిస్తె కాళ్లుంటయ్, లేకుంటె మంచమే" అని దవాఖానలో డాక్టరు తేల్చేశాడు. మా సందు నాలుగడుగులకే అయిపోతుంది, దాటితే లారీలు. పార్కు తప్ప దిక్కు లేదు. మున్సిపాలిటీకి మూడు అర్జీలు ఇచ్చాను. "గేటు తీస్తె బర్లొస్తయ్ మేడం" అన్నాడు అక్కడి గుమాస్తా, ఊళ్లోని బర్రెలన్నీ నావే అయినట్టు. అవ్వ రోజూ గేటు దాకా వచ్చి, ఊచలు పట్టుకుని లోపలికి చూసి, వెనక్కి తిరిగేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఆమె అడుగు రోజురోజుకీ చిన్నదవుతుంటే భయమేసేది.

అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, టీచరును కాబట్టి నేనూ రోడ్డు మీదే. ఒకనాడు మా సందు దగ్గరే వంటావార్పు పెట్టుకున్నాం. రోడ్డు మీదే పొయ్యి, రోడ్డు మీదే బంతి. పెళ్లిళ్లకు బగారన్నం వండే ముసలి వంటమాస్టరు తన దగ్గరున్న అతిపెద్ద దేగ్ తెచ్చి పొయ్యి మీద పెట్టాడు. అన్నం సగం ఉడికిందో లేదో పోలీసులు దిగారు, రోడ్డు ఖాళీ చేయమన్నారు. "పార్కులకు పోదాం పాండ్రి" అన్నారెవరో. నలుగురు దేగ్ కడియాల్లో బొంగులు దూర్చి మోసుకొచ్చారు. గేటు దగ్గర ఆగిపోయారు.

"అరే, దీంట్లకెల్లి కోడి గూడ పోదు గదా! జర జల్ది చెయ్యండ్రి, అన్నం ముద్దయితె నా ఇజ్జత్ పోతది!" అని వంటమాస్టరు మొత్తుకున్నాడు. పక్కనున్న మెకానిక్ షాపు నుంచి బోల్టులు విప్పే పానాలు వచ్చాయి. పది నిమిషాల్లో గేటు నేల మీద పడింది. మూడు అర్జీలకు కదలనిది బగారన్నానికి ఊడింది! నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

దేగ్ వెనకాలే అవ్వ వాకర్ టకటకలాడించుకుంటూ లోపలికి వచ్చింది. "ఏం పార్కే గిది? గోడకు మొకం పెట్టి కూసుంటరా?" అని బెంచీలను తిట్టుకుంటూనే చుట్టు పూర్తిచేసింది. అందరూ తింటున్నారు, నేను ఆమె అడుగులు లెక్కపెడుతున్నాను.

సమ్మె ముగిసిన వారానికి మున్సిపాలిటీ నుంచి ఇద్దరు మనుషులు గేటు మళ్లీ బిగించడానికి వచ్చారు. అప్పటికి అవ్వ రోజుకు మూడు చుట్లు తిరుగుతోంది. నాతో కుర్చీ తెప్పించుకుని, సరిగ్గా గేటు పెట్టాల్సిన చోట వేయించుకుని కూర్చుంది.

"గిది నేను నడిసే తొవ్వ. మీరు పోండ్రి బిడ్డా."

"ఆర్డరుందవ్వా."

"ఉండనియ్. నేను గూడ ఉంట."

వాళ్లు బీడీలు కాల్చారు, టీ తాగారు, బతిమాలారు. పొద్దుగూకే వేళకు గేటును బండి మీద వేసుకుని వెళ్లిపోయారు.

ఆ రోజు అవ్వ ఒక్క అడుగు కూడా నడవలేదు. నడువు నడువు అని నేనూ ఆమెను పోరలేదు.