కరుణాకుమారి విరగ్గొట్టే పాలు

అల్లూరులో కరుణాకుమారి చేసే పనీర్ గురించి ఎవరినడిగినా ఒకటే చెబుతారు: నోట్లో పెట్టుకుంటే మెత్తన, నూనెలో వేస్తే చెదరదు. ఆమెనే అడిగితే, ఈ చుట్టుపక్కల ఇలా చేసేవాళ్ళు ఇంకొకరు లేరని కూడా కలుపుతుంది. గొప్పలకు పోయి కాదు, నిజమని నమ్మే చెబుతుంది.

పెళ్ళికి ముందు ఆరేళ్ళు నెల్లూరులో ఒక మిఠాయి దుకాణం వంటింట్లో గిన్నెలు తోమింది. చేతులు గిన్నెల మీద, కళ్ళు మాస్టరు మీద. ఎవరూ నేర్పకుండానే విద్య అంతా పట్టేసింది. పెళ్ళయ్యాక ఇంట్లోనే రెండు లీటర్లతో మొదలుపెట్టి, నాలుగేళ్ళకు ముప్పై లీటర్లకు వచ్చింది. ఇక ఆ ఇల్లు చాలలేదు. పైగా చుట్టూ రొయ్యల గుంటలు, బోరు వేస్తే ఉప్పునీళ్ళు. తీసిన పనీర్‌ను మంచినీళ్ళలో వేస్తేనే రుచి నిలుస్తుంది. ఊళ్ళో తియ్యటి నీళ్ళు పడి, ముందు గది ఖాళీగా ఉన్న ఇల్లు ఒక్కటే దొరికింది. అది పెంచలప్రసాద్ కొత్తగా కట్టుకున్న ఇల్లు.

పెంచలప్రసాద్ సరేనన్నాడు గానీ, ఆయన భార్య రోజారమణి ససేమిరా అంది. గృహప్రవేశమై మూడు నెలలు కాలేదు. పాలు పొంగించి అడుగుపెట్టిన ఇంట్లో రోజూ ముప్పై లీటర్ల పాలు విరగడమా? పాలు విరిగితే ఇంటికి మంచిది కాదని ఆమె చిన్నప్పటి నుంచీ విన్నదే. కరుణాకుమారి చర్చికి వెళ్ళే మనిషి, శకునాలు పట్టించుకోదు. అయినా ఎదుటివాళ్ళ భయాన్ని చూసి నవ్వే రకం కాదు.

“అక్కా, విరిగే పాలు వేరు, నేను విరగ్గొట్టే పాలు వేరు. నీ ఇంట్లో పాలు వాటంతటవే విరిగిన రోజు నువ్వు చెప్పే పన్లేదు, నేనే ఖాళీ చేసి పోతా” అంది.

ఆ మాట మీద గది దొరికింది. రోజారమణి మాత్రం పాలు కాగే వేళకు మధ్య తలుపు గడియ పెట్టేసుకునేది.

తలుపు అవతల కరుణాకుమారి పని తీరే వేరు. పాలు పొంగు రాగానే దించి, కాస్త వేడి తగ్గనిచ్చి, నిన్నటి పనీర్ నుంచి దిగిన నీళ్ళను, రాత్రంతా పులిసినవాటిని, గరిటె గరిటెగా పోసేది. గబగబా కలిపితే పిండిపిండి అవుతుంది. తేట పసుపు కలిసిన ఆకుపచ్చగా మారగానే చెయ్యి ఆపేసేది. గుడ్డలో మూటగట్టి రాతి బండ కింద పెట్టేది. గడియారం చూసి ఎరగదు.

నెల గడిచింది. మంచి ఎండల్లో ఒక రోజు పాల ఆటో దారిలో చెడిపోయి రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. పాలు పొయ్యి మీద పెట్టిందో లేదో, సెగ తగలగానే గడ్డలు గడ్డలుగా విరిగిపోయాయి. ఆమె చెయ్యి ఇంకా పులుపునీళ్ళ గిన్నె మీదకే పోలేదు.

సాయానికి వచ్చిన భర్త రూఫస్ తేలిగ్గా తీసుకున్నాడు. “ఎట్టాగూ విరగ్గొట్టాల్సినయ్యే గదా. మూట గట్టు, ఎవురికి తెలస్తది?”

నిజమే, ఎవరికీ తెలియదు. తలుపు అవతలి మనిషికి అసలే తెలియదు. సాయంత్రం ఫంక్షన్‌కు ఆరు కిలోలు ఇస్తానని మాటిచ్చి ఉంది. ఈ గది పోతే ఊళ్ళో ఇంకో తియ్యటి బోరు లేదు. కరుణాకుమారికి ఏడుపొచ్చినంత పనైంది. కానీ ఆ గడ్డలు వేళ్ళతో నలిపి చూస్తే పుల్లటి వాసన, పలుకులు పలుకులు. తన పేరుతో అవి ఎవరి పళ్ళెంలోకీ పోకూడదు. ఫంక్షన్ వంట మాస్టరుకు ఫోన్ చేసి ఈ రోజు లేదని చెప్పేసింది. పాలన్నీ పెరట్లో గుంటలో పారబోయించింది. ఆ తర్వాత వెళ్ళి మధ్య తలుపు తట్టింది.

“అక్కా, ఈ పొద్దు పాలు వాటంతటయ్యే విరిగినయ్. పారబోసినా. అన్న మాట ప్రకారం రేపు సామాను తీసేస్తా.”

రోజారమణి ఖాళీ పాల గుండిగ వంక, ఆమె మొహం వంక మార్చి మార్చి చూసింది. చెప్పకుండా పనీర్ చేసేసి ఉంటే నాకేం తెలిసేదని అడిగింది. నాకు తెలిసేది గదా అంది కరుణాకుమారి. రోజారమణి లోపలికి వెళ్ళిపోయింది. ఖాళీ చెయ్యమనీ అనలేదు, ఉండమనీ అనలేదు.

మర్నాడు తెల్లవారాక కరుణాకుమారి గుండిగలు సర్దుతుంటే మధ్య తలుపు గడియ తీసిన చప్పుడైంది. రోజారమణి చేతిలో గిన్నె ఉంది, అందులో ఇంట్లో కాఫీకని పోయించుకున్న పాలు.

“సర్దింది చాల్లే. పొయ్యి వెలిగించు” అంది, గిన్నె ముందుకు చాపుతూ. “ఇయ్యి గూడా విరగ్గొట్టు.”